ఐరిష్ కిల్టు ఎవరి బట్ట, ఎప్పటి బట్ట?

డబ్లిన్‌లో పర్యాటకులు తిరిగే వీధుల్లో బట్టల దుకాణానికి వెళ్తే, అల్మారాల నిండా టార్టాన్ అనే గళ్ల ఉన్ని బట్టలు మడతలు పెట్టి ఉంటాయి. ఒక్కో మడత మీద ఒక చీటీ: కెర్రీ, కార్క్, మేయో, గాల్వే, డొనెగాల్. ఇవి ఐర్లండ్ కౌంటీల పేర్లు, మన జిల్లాల వంటివి. కొన్ని చీటీల మీద ఊరూ జిల్లా కాకుండా ఇంటిపేర్లు ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దపు కరువులో ఓడెక్కి వెళ్లిపోయిన కుటుంబాల మునిమనవలు అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చి అక్కడ నిలబడతారు. వాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "మా ఇంటిపేరు టార్టాన్ ఏది?"

ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది. నూట డెబ్బై ఏళ్ల క్రితం తెగిపోయిన ఊరిని ఏదో ఒక గుడ్డపేలికతోనైనా మళ్లీ ముట్టుకోవాలన్న ఆరాటం ఉంది. అందుకే ఆ ప్రశ్నకు నిజమైన జవాబు దొరకాలి.

సూటిగా చెప్పాలంటే, పాత ఐర్లండ్‌లో కిల్టు, అంటే మగవాళ్లు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ల ఉడుపు, లేదు. ఇంటిపేరుకో టార్టాన్ అన్న పద్ధతి అసలే లేదు. ఐర్లండ్‌లో కిల్టు వయసు సుమారు 130 ఏళ్లు. కౌంటీల టార్టాన్లకు ఇంకా 30 ఏళ్లు దాటి ఎంతోకాలం కాలేదు. అయితే ఇంతటితో ఆపేస్తే "అదంతా బూటకం" అని చేతులు దులుపుకునేవాళ్ల సరసన చేరతాం. కిల్టును ఐర్లండ్‌కు తెచ్చినవాళ్లలో ఆ దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎందుకు తెచ్చారో తెలుసుకోకుండా తీర్పు చెప్పకూడదు. అంతకన్నా ముఖ్యం, కిల్టు గురించిన ఈ వాదనలో ఐరిష్ వాళ్ల అసలు బట్ట పేరే వినిపించడం లేదు.

ముందుగా రెండు మాటలను విడదీసుకోవాలి. కిల్టు అన్నది ఒక ఉడుపు: నడుము చుట్టూ తిరిగి, వెనక భాగమంతా కుచ్చిళ్లతో, మోకాలి దగ్గర ఆగే ఉన్ని వస్త్రం. ఆ మాట ఐర్లండ్, స్కాట్లండ్‌లలోని గేల్ జాతివాళ్ల గేలిక్ భాషది కాదు. బట్టను పైకి ఎగ్గట్టడం అనే అర్థంలో స్కాండినేవియా వైపు నుంచి వచ్చిన పాత క్రియ అది. పొలంలో నీళ్లు దాటేటప్పుడు పంచె ఎగ్గట్టడం చూసినవాళ్లకు ఈ మాట ఎలా పుట్టిందో విడమరచి చెప్పనక్కర లేదు. టార్టాన్ అన్నది ఉడుపు కాదు, నేత. పడుగులో ఏ రంగు పోగులు ఎన్నేసి, ఏ వరుసలో వేశారో పేకలోనూ అదే వరుసలో అన్నే పోగులు వేస్తే, ఒకే రంగు కలిసిన చోట ముద్దరంగు, వేర్వేరు రంగులు కలిసిన చోట మిశ్రమం వచ్చి గళ్లు తేలతాయి. పోగుల లెక్క మారితే టార్టాన్ మారినట్టే. కిల్టు టార్టాన్‌తోనే ఉండాలన్న నియమం లేదు, టార్టాన్ కిల్టుకే వాడాలనీ లేదు. ఐర్లండ్ విషయంలో ఈ రెండింటి కథలు దాదాపు వందేళ్ల తేడాతో మొదలయ్యాయి.

అవిసె నార, ఏడు గజాలు

1521లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఐదుగురు ఐరిష్ మనుషుల బొమ్మ గీశాడు. ఇంగ్లండ్‌కు ఆవల ఉన్న ఐర్లండ్‌లో సైనికులు ఇలా ఉంటారు, రైతులు ఇలా ఉంటారు అని ఆ బొమ్మ మీదే రాసిపెట్టాడు. ఆ తర్వాత 1570లలో లూకాస్ డె హీర్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడి బొమ్మలు, 1581లో జాన్ డెరిక్ అనే ఇంగ్లీషువాడు అచ్చువేసిన చెక్కచెక్కడపు బొమ్మలు వచ్చాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి ఐరిష్ మనిషి కళ్లకు కడతాడు.

అతని ఒంటి మీద ఉన్నది లేన్య. అవిసె నారతో నేసిన సన్నబట్టతో కుట్టిన పొడవాటి చొక్కా అది. అవిసె గింజలు మన వంటిళ్లలో ఎరిగినవే. ఆ మొక్క కాడలను నీళ్లలో నానబెట్టి, దంచి, దువ్వి తీసే నారే లినెన్. లేన్యకు చేతులు విపరీతంగా వెడల్పు. మోచేతి దగ్గర నుంచి సంచుల్లా వేలాడుతూ కొన్ని బొమ్మల్లో మోకాళ్ల దాకా దిగుతాయి. దానికి ఎన్నో సన్నని కుచ్చిళ్లు. నిజానికి చొక్కా పొడవు చీలమండల దాకా ఉన్నా, మగవాళ్లు నడుముకు పట్టీ కట్టి బట్టను పైకి లాగి, మిగిలిన గుడ్డను పట్టీ మీదుగా బుట్టలా వదిలేవారు. అప్పుడు అంచు మోకాలి దగ్గరికి వచ్చేది. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోండి, తర్వాత జరిగిన పొరపాటంతా ఇక్కడి నుంచే పుట్టింది.

లేన్య రంగు కుంకుమ పువ్వు పసుపు. దానికి నిజంగా కుంకుమ పువ్వే వాడేవారా, అక్కడే దొరికే మొక్కలతో ఆ రంగు తెచ్చేవారా అన్న చర్చ పరిశోధకుల్లో ఉంది. దాని మీద ఇనర్ అనే పొట్టి ఉన్ని కోటు, నడుము దగ్గరికే ఆగిపోయేది. అన్నిటికీ పైన బ్రత్, అంటే ఒంటిని పూర్తిగా కప్పే బరువైన ఉన్ని కప్పడం. మెడ చుట్టూ అంచుకు దట్టమైన ఉన్ని కుచ్చు ఉండేది. గుర్రపు స్వారీ చేసేవాళ్లు, చలికి తట్టుకోవాల్సినవాళ్లు కాళ్లకు అంటుకుపోయే ట్రూస్ అనే బిగుతు చల్లాడం తొడిగేవారు. ఆడవాళ్లకూ లేన్య, బ్రత్ ఉండేవి.

ఈ బట్ట ఎంత బలమైన గుర్తో పాలకులకు తెలుసు. 1537లో ఎనిమిదో హెన్రీ పేరున ఐర్లండ్‌లో ఒక చట్టం వచ్చింది. ఇంగ్లీషు పద్ధతి, ఇంగ్లీషు వేషం, ఇంగ్లీషు భాష అలవరచుకోవాలని దాని ఉద్దేశం. ముఖం మీదికి పడే జులపాలు పెంచకూడదు. పైపెదవి మీద ఐరిష్ తీరు మీసం ఉండకూడదు. కుంకుమ పువ్వు రంగు అద్దిన చొక్కా గానీ తలగుడ్డ గానీ తొడగకూడదు. చొక్కాకు రాజుగారి కొలత ప్రకారం ఏడు గజాలకు మించి బట్ట వాడకూడదు.

ఏడు గజాలంటే దాదాపు 6.4 మీటర్లు. మన ఆరు గజాల చీరను మించిన పొడవు. ఒక్క చొక్కాకు ఇంతకన్నా వాడొద్దని చట్టం చేయాల్సి వచ్చిందంటే, వాళ్లు ఎంత వాడుతుండేవారో ఆలోచించండి. ఆనాటి మగ్గాలు ఇరుకు, పన్నా తక్కువ. అయినా సరే, అది గుడ్డను పారబోసినట్టు వాడిన వైభవం. ఆ చట్టం ఏ మేరకు అమలైందో 1571లో ఎడ్మండ్ కాంపియన్ రాసిన మాటను బట్టి తెలుస్తుంది. కలిగినవాళ్ల చొక్కాలకు 30 గజాలు కూడా బొటాబొటీగా సరిపోతాయన్నాడు ఆయన. కవి ఎడ్మండ్ స్పెన్సర్ 1590లలో ఐర్లండ్‌లో ఇంగ్లీషు కొలువు చేస్తూ బ్రత్ మీద విరుచుకుపడ్డాడు. ఆ కప్పడం పారిపోయినవాడికి ఇల్లు, తిరుగుబాటుదారుకు పరుపు, దొంగకు ముసుగు అవుతోందని, దాన్ని మాన్పించాలని వాదించాడు. శత్రువు చేసిన ఆ ఫిర్యాదులోనే ఆ బట్ట ఎన్ని విధాల అక్కరకు వచ్చేదో తెలిసిపోతోంది.

ఈ వర్ణనల్లో, ఈ చట్టాల్లో, ఈ బొమ్మల్లో కిల్టు ఎక్కడా లేదు. అయితే నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యంగా కనిపించేది ఇంగ్లీషువాళ్లు రాసింది కాదు. ఒక ఐరిష్ పండితుడు తన భాషలో రాసింది.

ఐర్లండ్ ఉత్తరభాగమైన అల్‌స్టర్‌లో ఇంగ్లండ్ మీద పోరాడిన రెడ్ హ్యూ ఓ'డొనెల్ జీవితాన్ని లూయీ ఓ క్లేరీ పదిహేడో శతాబ్దం తొలినాళ్లలో గ్రంథస్థం చేశాడు. 1594లో ఓ'డొనెల్‌కు సాయంగా స్కాట్లండ్ పడమటి దీవుల నుంచి కిరాయి సైనికులు వచ్చి దిగిన ఘట్టం అందులో ఉంది. ఐరిష్ సైన్యం మధ్యలో కూడా వీళ్లను ఇట్టే గుర్తుపట్టవచ్చునంటాడు ఆయన. ఆయుధాలు వేరు, బట్ట వేరు, అలవాట్లు వేరు, మాట వేరు. పిక్కల దాకా దిగే, అంచుకు కుచ్చులున్న రంగురంగుల కప్పడాలు వేసుకున్నారు. ఆ కప్పడాల పైనుంచి నడుముకు పట్టీలు బిగించారు.

ఇది కిల్టు పూర్వరూపానికి దొరుకుతున్న తొలి వర్ణన. పెద్ద ఉన్ని గుడ్డను కుచ్చిళ్లు పెట్టి, పట్టీతో బిగించి, మిగిలిన భాగాన్ని భుజం మీద వేసుకునే ఈ కట్టునే తర్వాత స్కాట్లండ్‌లో ఫేలా మోర్ అన్నారు. దీన్ని ఒక ఐరిష్ మనిషి వర్ణిస్తూ, "మా వాళ్ల నుంచి వీళ్లను వేరుగా గుర్తుపట్టింది దీనితోనే" అంటున్నాడు. పాత ఐర్లండ్‌లో కిల్టు ఉండేదని వాదించేవాళ్లు ఈ ఒక్క పేరా దగ్గర ఆగిపోవాల్సిందే.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. స్కాట్లండ్ గేల్‌లకు, ఐర్లండ్ గేల్‌లకు మూలం ఒకటే. పదహారో శతాబ్దం దాకా స్కాట్లండ్ కొండసీమల్లోనూ తొడిగింది లేన్య, కప్పుకున్నది బ్రత్. వాళ్లు ఆ బ్రత్‌నే పెంచి, నడుముకు బిగించి కొత్త కట్టు తయారుచేసుకున్నారు. కిల్టుకు తాత బ్రత్ అనుకుంటే, ఆ తాత రెండు ఇళ్లకూ ఉమ్మడి. మనవడు మాత్రం ఒక్క ఇంట్లోనే పుట్టాడు.

స్కాట్లండ్‌లో జరిగింది

దీన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. ఇప్పుడు మనం చూసే పొట్టి కిల్టు, భుజం మీది భాగం లేకుండా నడుము కింది భాగం మాత్రమే ఉన్నది, పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలో వాడుకలోకి వచ్చింది. 1746లో కలొడెన్ యుద్ధంలో హైలాండ్ (స్కాట్లండ్ కొండసీమల) తిరుగుబాటు ఓడిపోయాక, ఆ దుస్తులను చట్టం నిషేధించింది. 1782లో నిషేధం ఎత్తేశారు. ఈలోగా సైన్యంలోని హైలాండ్ దళాలు మాత్రం వాటిని ధరిస్తూనే వచ్చాయి. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ ఒక్కో వంశపెద్దను మీ వంశపు టార్టాన్ నమూనా పంపమని కోరింది. తమది ఏదో కొందరు పెద్దలకే తెలియదు. బానక్‌బర్న్‌లోని విల్సన్స్ అనే నేత సంస్థ అప్పటికే వందలాది నమూనాలు నేస్తోంది, వాటిలో చాలా వాటికి ఉన్నవి అంకెలే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆధ్వర్యంలో జరిగిన ఉత్సవంతో వంశానికో టార్టాన్ అనే భావన స్థిరపడింది. గళ్ల ఉన్ని స్కాట్లండ్‌లో చాలా పాతది. ఆ గళ్లకు ఇంటిపేర్లు తగిలించడం మాత్రం పందొమ్మిదో శతాబ్దపు పని. ఐర్లండ్ తర్వాత అరువు తెచ్చుకున్నది ఈ రెండోదాన్ని.

పొరపాటు ఎక్కడ జరిగింది?

పదిహేడో శతాబ్దం గడిచేసరికి లేన్య మాయమైంది. యుద్ధాలు, భూముల స్వాధీనం, పాత గేలిక్ దొరల పలాయనం, వాళ్లతో పాటే వాళ్ల దర్జీలూ కవులూ చెల్లాచెదురైపోవడం. బట్ట పోయింది, మాట మాత్రం రాతప్రతుల్లో మిగిలింది. రెండు వందల ఏళ్ల తర్వాత యూజీన్ ఓ'కర్రీ అనే మహాపండితుడు ఆ ప్రతులను చదివి, ప్రాచీన ఐరిష్ ఆచారాల మీద ప్రసంగాలు చేశాడు. ఆయన చనిపోయాక 1873లో అవి అచ్చయ్యాయి. లేన్య అన్న మాట వచ్చినచోట వాటిలో కిల్టు అన్న అర్థం చోటు చేసుకుంది. పాత శిల్పాల్లో మోకాలి దాకా ఉన్న చొక్కాలు, డెరిక్ బొమ్మల్లో పట్టీ దగ్గర ఎగ్గట్టిన లేన్య అంచులు, కోటు కింది కుచ్చిళ్లు ఈ అర్థానికి తోడయ్యాయి. 1903లో పి. డబ్ల్యూ. జాయిస్ అనే చరిత్రకారుడు కూడా దాన్నే సమర్థించాడు.

వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. అప్పటికి కళ్లముందు సజీవంగా ఉన్న గేలిక్ వేషం స్కాట్లండ్ కిల్టు ఒక్కటే. మోకాలి దగ్గర కుచ్చిళ్లతో ఆగిన బట్ట బొమ్మలో కనిపిస్తే మరేదిగా అనుకుంటారు? పైనున్నది, కిందున్నది కలిపి ఒకే చొక్కా అని తెలియాలంటే చొక్కా ఒక్కటైనా చేతికి దొరకాలి. అది దొరకలేదు. హెన్రీ ఫాస్టర్ మెక్‌క్లింటాక్ 1943లో తన పుస్తకంలో బొమ్మలను, రాతలను, దొరికిన బట్టలను ఒక్కటొక్కటిగా సరిచూసి, పాత ఐరిష్ వాళ్లు కిల్టు కట్టలేదని తేల్చాడు. అప్పటికి కిల్టు ఐర్లండ్‌లో దాదాపు అర్ధశతాబ్దంగా వేళ్లూనుకుంది.

పియర్స్ రాసిన ఉత్తరం

1893లో గేలిక్ లీగ్ పుట్టింది. చచ్చిపోతున్న ఐరిష్ భాషను బతికించడం దాని లక్ష్యం. భాషతో పాటు పాట, ఆట, ఆపైన వేషం గురించీ ఆలోచన వచ్చింది. సభకు వెళ్లి ఐరిష్‌లో మాట్లాడే మనిషి ఒంటి మీద లండన్ సూటు ఉంటే ఎలా? మనదంటూ ఒక దుస్తు కావాలి. ఏది?

ఈ ప్రశ్నకు 1900లో ఒక యువకుడు రాసిన జవాబు నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. పదహారేళ్ల తర్వాత బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో గణతంత్ర ప్రకటన చదివి, తుపాకీ గుండ్లకు బలైన ప్యాట్రిక్ పియర్స్ ఆ యువకుడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఉత్సవానికి ఏ దుస్తులు వేసుకోవాలని అడిగిన వ్యక్తికి జవాబు చెప్పడానికి మ్యూజియానికి వెళ్లి, అక్కడున్న పాత ఐరిష్ ట్రూస్‌ను స్వయంగా పరిశీలించాడు. తర్వాత తన అభిప్రాయం రాశాడు. ఈ ట్రూస్ తొడుక్కుని వేదిక ఎక్కితే, ప్యాంటు వేసుకోవడం మరిచిపోయి లోపలి చల్లాడంతోనే వచ్చారని జనం అనుకుంటారు. అంతకన్నా మీరు కిల్టులో కనిపిస్తేనే నాకు ఇష్టం, అది అంత ప్రామాణికం కాకపోయినా సరే. దుస్తు అన్నాక చూడముచ్చటగా ఉండాలి.

అంత ప్రామాణికం కాకపోయినా సరే! కిల్టు మీద అనుమానం పియర్స్‌కు తెలిసే ఉంది. అంటే ఉద్యమకారులందరూ పాపం మోసపోయారన్న మాట పూర్తిగా నిజం కాదు. వాళ్లకు కావలసింది మ్యూజియం వస్తువు కాదు, తలెత్తుకుని వీధిలో నడవగలిగే బట్ట. ఇంగ్లీషు ప్యాంటు కానిది, చూడగానే గేలిక్ అనిపించేది. పక్కనే, అన్నదమ్ముల ఇంట్లో అలాంటిది ఒకటి సిద్ధంగా ఉంది. తీసుకున్నారు. తీసుకుంటూ ఒక మార్పు చేశారు: గళ్లు వద్దన్నారు. ఐరిష్ కిల్టు ఒకే రంగులో ఉండాలి, కుంకుమ పువ్వు రంగు గానీ ఆకుపచ్చ గానీ. ఎనిమిదో హెన్రీ నిషేధించిన చొక్కా రంగు ఆ విధంగా నాలుగు శతాబ్దాల తర్వాత, వేరే బట్ట మీద, తిరిగి వచ్చింది. ఐరిష్ కిల్టులో అచ్చమైన ఐరిష్ అంశం ఏదని నన్నడిగితే, ఆ రంగు అంటాను.

1908లో పియర్స్ స్థాపించిన సెయింట్ ఎండాస్ బడిలో పిల్లలు కిల్టులు వేసుకున్నారు. 1910లో లస్క్ గ్రామంలో బ్లాక్ రేవెన్ వాద్యబృందాన్ని నెలకొల్పిన బడిపంతులు థామస్ ఆష్ కిల్టులో దిగిన ఫోటోలు ఇప్పటికీ అందరికీ తెలిసినవే. 1917లో జైల్లో నిరాహారదీక్ష చేస్తుండగా బలవంతంగా ఆహారం ఎక్కించడంతో ఆయన మరణించాడు. లార్డ్ ఆష్‌బోర్న్ బిరుదు వారసుడైన విలియం గిబ్సన్, డబ్లిన్ కులీన కుటుంబంలో పుట్టినా, ఐరిష్ మాట్లాడుతూ కుంకుమ రంగు కిల్టులోనే తిరిగేవాడు.

అటు బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ దళాల పైపర్లకు (బ్యాగ్‌పైప్ వాయించేవాళ్లకు) కూడా ఇదే కుంకుమ రంగు కిల్టు యూనిఫాంగా వచ్చింది. లండన్ ఐరిష్ రైఫిల్స్, ఐరిష్ గార్డ్స్ పైపర్లు దాన్నే వేసుకుంటారు. స్వతంత్ర ఐర్లండ్ సైన్యంలోని పైపర్లదీ అదే. 1916లో ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టిన రెండు పక్షాలూ ఒకే రంగు, ఒకే బట్ట పంచుకోవడం చూస్తే, అది ఎంత త్వరగా ఐరిష్ గుర్తుగా స్థిరపడిందో అర్థమవుతుంది. ఐరిష్ నృత్యపోటీల్లో మగపిల్లలు దశాబ్దాల పాటు కిల్టులోనే ఆడారు. 1994లో యూరోవిజన్ పాటల పోటీ వేదిక మీద రివర్‌డాన్స్ ప్రదర్శన వచ్చి, మగవాళ్లు ప్యాంట్లలో ఆడి ప్రపంచాన్ని ఊపేశాక, ఆ అలవాటు తగ్గుతూ వచ్చింది.

ఇప్పుడు ఇది సంప్రదాయమా, కాదా? ప్రాచీనం కాదు. కానీ నాలుగైదు తరాల మనుషులు వాయిద్యబృందాల్లో, పెళ్లిళ్లలో, అంత్యక్రియల్లో గౌరవంగా వేసుకున్న బట్ట సంప్రదాయం కాకుండా పోదు. దానికి వెయ్యేళ్ల వయసు అంటగట్టనవసరం లేదు. 1900లో ఎవరు, ఏ మనసుతో దాన్ని తొడిగారో చెబితే చాలు, దాని గౌరవం దానికి ఉంటుంది.

బురదలో దొరికిన గళ్లు

ఇక టార్టాన్. "మా పూర్వీకులకూ రంగుల లెక్క ఉండేది" అని చెప్పేవాళ్లు ఒక పురాణగాథ చూపిస్తారు. యోచయ్ అనే రాజు కాలంలో బానిసకు ఒక రంగు, సైనికుడికి రెండు, దొరబిడ్డకు మూడు, మహాపండితుడికి ఆరు, రాజుకూ రాణికీ ఏడు రంగుల బట్టలు నిర్ణయించారని ఆ గాథ. పండితుడు రాజుకు ఒక్క మెట్టే కింద ఉండడం ముచ్చటైన విషయమే. కానీ అది అంతస్తుకు సంబంధించిన రంగుల సంఖ్య. వంశానికో గళ్ల నమూనా అని అందులో లేదు.

గళ్ల బట్ట మాత్రం ఐర్లండ్ నేలలో నిజంగానే దొరికింది. 1956లో అల్‌స్టర్‌లోని డంగివెన్ దగ్గర ఒక పొలంలో పని చేస్తున్న మనిషి పార కింద బురదనేలలో పాత ఉన్ని బట్టలు బయటపడ్డాయి. ఒక కోటు, సగం చందమామ ఆకారంలో కత్తిరించిన కప్పడం, తోలు జోళ్లు, ఒక ట్రూస్. పదిహేడో శతాబ్దం మొదటి భాగానివని నిర్ధారించారు. ఆ ట్రూస్ టార్టాన్! కాలికి అంటుకునేలా సాగాలని గుడ్డను ఏటవాలుగా కత్తిరించి కుట్టారు. చిరిగిన చోటల్లా అతుకులు. తొడిగిన మనిషి కలిగినవాడు కాదు. ఉన్న ఒక్క చల్లాడాన్నీ మళ్లీ మళ్లీ కుట్టుకుని వాడుకున్నాడు.

ఆ మనిషి ఎవరు? 1609 నుంచి అల్‌స్టర్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ జనాన్ని తెచ్చి స్థిరపరిచారు. డంగివెన్ బట్టల్లో కప్పడం ఐరిష్ తీరు, కోటు ఇంగ్లీషు తీరు, గళ్ల చల్లాడం స్కాట్లండ్‌ను గుర్తుచేస్తుంది. మూడు లోకాలు ఒకే ఒంటి మీద కలిశాయి. ఐరిష్ వాళ్లు టార్టాన్ నేశారని గానీ, నేయలేదని గానీ ఈ ఒక్క చల్లాడంతో తేలదు. ఫలానా ఇంటిపేరుకు ఫలానా గళ్లు అన్న మాటకైతే ఇందులో ఏ ఆధారమూ లేదు. బురద గోధుమరంగులోకి మార్చేసిన ఆ గళ్లను నేతగాళ్లు తిరిగి నేసి "అల్‌స్టర్ టార్టాన్" అని పేరు పెట్టారు. బురదరంగులో ఉన్నది ఒకటి, అసలు రంగులు ఇలా ఉండేవని ఊహించి ఎరుపుతో నేసింది ఇంకొకటి. దుకాణాల్లో ఐరిష్ పేరుతో అమ్మే టార్టాన్లలో, కనీసం నేల నుంచి తీసిన ఒక నిజమైన గుడ్డ ఆధారంగా ఉన్నది ఇది.

మిగిలినవన్నీ కొత్తవి. ఐర్లండ్ కౌంటీల టార్టాన్లను 1996లో స్కాట్లండ్‌లోని పెర్త్‌కు చెందిన హౌస్ ఆఫ్ ఎడ్గార్ సంస్థ బయటికి తెచ్చింది. వాటి రూపకర్త పాలీ విటరింగ్. ఇంటిపేర్ల టార్టాన్లలో అధికభాగం ఇరవయ్యో శతాబ్దానివి, ఆ తర్వాతివి. 2009 నుంచి స్కాట్లండ్ ప్రభుత్వమే టార్టాన్ల రిజిస్టరు నడుపుతోంది. కొత్త నమూనా గీసి, రుసుము కట్టి ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. అందులో దాపరికమేమీ లేదు, నమోదు తేదీ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. దుకాణంలో చీటీ మీద మాత్రం ఆ తేదీ కనిపించదు. నా అభ్యంతరమల్లా ఆ చీటీతోనే. ముప్పై ఏళ్ల బట్టను ముప్పై ఏళ్ల బట్టగా అమ్మితే, కొనేవాడి ప్రేమకు లోటేమీ రాదు.

బయటి నుంచి వచ్చిన గళ్ల బట్ట ఒక జాతికి సొంతం కావడం ఎలా ఉంటుందో మన చీరాల నేతగాళ్లకు తెలుసు. అక్కడ నేసి మద్రాసు రుమాళ్ల పేరుతో ఓడలకెక్కించిన గళ్ల బట్ట నైజీరియా దాకా వెళ్లింది. నైజర్ నది డెల్టాలోని కలబరి ప్రజలు దాన్ని పుట్టుకలకూ చావులకూ వాడే కుటుంబ ఆస్తిగా దాచుకుంటారు. అంతటితో ఆగలేదు. ఆ గళ్లలోంచి కొన్ని పోగులను ఎంచి, కోసి, లాగేసి తమదైన కొత్త నమూనా తీస్తారు. బట్ట చీరాలది, ఆ పనితనం వాళ్లది. అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లు దాచరు. దాన్ని పిలిచే ఇంజిరి అన్న పేరులోనే ఇండియా వినిపిస్తుంది. ఐరిష్ కిల్టు మీద గళ్లు తీసేసి కుంకుమ రంగు అద్దినవాళ్లు చేసింది కూడా ఇలాంటి పనే. కౌంటీ టార్టాన్ల విషయంలో ఇంకా ఆ పని జరగాల్సి ఉంది. రెండు మూడు తరాలు వాడితే జరగవచ్చు కూడా.

కాబట్టి దుకాణంలో ఇంటిపేరు టార్టాన్ అడిగే మనిషికి నేను చెప్పగలిగితే ఇలా చెబుతాను: మీ పూర్వీకులకు టార్టాన్ లేదు, కుంకుమ రంగు చొక్కా ఉండేది. అది వేసుకుంటే శిక్ష అన్న రోజుల్లోనూ వేసుకున్నారు. అప్పుడు ఆయన "అది చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?" అని అడుగుతాడు. అక్కడే జవాబు కష్టమవుతుంది.

డంగివెన్ బట్టలు బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో ఉన్నాయి. కోటు ఉంది, కప్పడం ఉంది, అతుకుల చల్లాడం ఉంది. కోటు లోపల చొక్కా లేదు. ఐర్లండ్ బురదనేలల్లోని ఆమ్లం ఉన్నిని శతాబ్దాల పాటు కాపాడుతుంది, మొక్కల నారను మాత్రం తినేస్తుంది. అవిసె నార బట్ట ఆ నేలలో నిలవదు. పదహారో శతాబ్దపు లేన్య పూర్తి రూపంలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఇప్పుడు దాన్ని మళ్లీ కుట్టి చూడాలనుకునేవాళ్లు డ్యూరర్ బొమ్మను, డెరిక్ బొమ్మలను ముందు పెట్టుకుని, ఆ వేలాడే చేతులకు ఎన్ని గజాలు పట్టి ఉంటాయో లెక్కలు వేసుకుంటున్నారు.